జైల్లో సూపరింటెండెంట్ వేసిన పనిష్మెంట్ మీద కోర్టుకి వెళ్తే పనవుద్దా?

అవుద్దండీ, కాకపోతే మీరనుకునే పని కాదు. మాది కోనసీమ. మా పెద్దమ్మ కొడుకు ఒక కేసులో శిక్ష పడి లోపలున్నాడు, ఏ జైలో చెప్పను, ఇంకా అక్కడే ఉన్నాడు మరి.

ఓసారి పెద్దమ్మా నేనూ ములాఖత్‌కి వెళ్లాం. తెల్లారగట్ల లేచి సున్నుండలు చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది, లోపలికి రానివ్వరే అంటే వింటేనా. గేటు దగ్గర పేరు రాసుకునేవాడు తలెత్తకుండానే "ఈయనకి ములాఖత్ కట్టమ్మా, పనిష్మెంట్‌లో ఉన్నాడు" అన్నాడు. ఎందుకు, ఎన్నాళ్లు అనడిగితే వెనకాలోళ్లని రమ్మన్నాడు. ఆవిడ డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్కడే మెట్ల మీద కూలబడింది, లేపలేక చచ్చాను.

తర్వాత తెలిసిందేంటంటే బ్యారక్‌లో సెల్‌ఫోన్ దొరికిందంట, అన్నయ్య పక్క దగ్గర. రెమిషన్ కూడా, అంటే మంచి నడవడికకి శిక్షలో ఇచ్చే తగ్గింపు కూడా కోసేశారు. అంటే విడుదల వెనక్కి పోయినట్టే, ఒక ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఇంకొంత జైలు వేసినట్టే కదా. అంత చెకింగ్‌లో సున్నుండ దూరదుగానీ ఫోన్ ఎలా దూరిందో అది మాత్రం ఎవడూ అడగడు.

మా ఊరి ప్లీడరు గారేమో "అది జైలోళ్ల ఇంటర్నల్ మేటర్, కోర్టు ముట్టుకోదు" అని ఫీజు పుచ్చుకుని మరీ చెప్పారు. శుద్ధ అబద్ధం. తీహార్‌లో ఉరిశిక్ష పడ్డ సునీల్ బాత్రా, పక్క ఖైదీని వార్డర్ హింసించాడని సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాస్తే దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979లో కృష్ణయ్యర్ గారు తీర్పిచ్చారు. ఒంటరి సెల్లయినా, సౌకర్యాలు కొయ్యడమైనా సెషన్స్ జడ్జి పరిశీలించకుండా వెయ్యకూడదు, మరీ అర్జెంటైతే రెండ్రోజుల్లో ఆయనకి తెలియజెయ్యాలి అని. ఎక్కడ పాటిస్తున్నారండీ?

మాకు న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు ఉచితంగా ఇచ్చిన లాయరమ్మ హైకోర్టులో రిట్ వేసింది. 2019 నుంచి హైకోర్టు అమరావతికొచ్చింది కాబట్టి సరిపోయింది, హైదరాబాదే అయితే పెద్దమ్మ వల్ల అయ్యేది కాదు. జైల్లో వేసిన శిక్షలు రాసే పనిష్మెంట్ పుస్తకం కోర్టు తెప్పించింది. పెద్ద తప్పయితే సాక్షుల పేర్లు రాయాలని 1894 జైళ్ల చట్టంలోనే ఉంది, ఇందులో ఆ గడి ఖాళీ. అన్నయ్య ఏం చెప్పుకున్నాడో ఒక్క ముక్క లేదు. ఫోన్ ఎవరిదో మేం తేల్చం, ఇతని మాట విన్నారా లేదా అన్నదే చూస్తాం అని చెప్పి ఆర్డర్ కొట్టేసి మళ్లీ ఎంక్వైరీ చేసుకోమన్నారు. నన్నడిగితే ఏ జైలు పుస్తకం తీసినా ఇదే కథ.

కాబట్టి మీవాడు తప్పు చేశాడా లేదా అని లాయరు ముందు ఏడవకండి, ముందు ఆర్డర్ కాపీ సంపాదించండి. జైలోళ్లు ఇవ్వం పొమ్మంటే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అడగండి, ఊరి ప్లీడరుకి మాత్రం రూపాయి ఇవ్వకండి.