సీతాఫలానికి పూత సరే, కాయ ఏది?

ప్రశ్న: సార్, మా పెరట్ల బాలానగర్ సీతాఫలం చెట్టు పెట్టి ఆరేండ్లయింది. ఎండకాలం నుంచే కొమ్మ కొమ్మకు పూత, అంతా రాలుతది. పోయినేడు నిలిచినయి నాలుగే కాయలు, అవి కూడ ఒకపక్క సొట్ట. తేనెటీగ వాలంగ ఎన్నడు చూడలే. మందు ఏమన్న కొట్టాల్నా? పదో తరగతి చదివే మా బిడ్డ పువ్వు విప్పి, ‘ఇండ్ల కేసరాలు ఏవమ్మా?’ అంటున్నది.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందు మీ బిడ్డకు చెప్తానమ్మా. ముప్పై ఏండ్లు మందారం కోసి పాఠం చెప్పిన నేను, జడ్చర్లలో ఒక పిల్లగాడు సీతాఫలం పువ్వు తెచ్చి చేతిలో పెట్టేదాకా దాన్ని విప్పి చూడలేదు. కిందికి వేలాడే ఆ మూడు దళసరి పచ్చ రెక్కలే ఆకర్షణ పత్రాలు. ఒకటి పీకితే అడుగున చిన్న ముద్ద కనిపిస్తుంది. దాని చుట్టూ కుక్కిపెట్టినట్టున్నవి కేసరాలు, పుప్పొడినిచ్చే మగ భాగాలు. నడుమ మొనదేలినది అండకోశాల గుత్తి, అంటే ఆడ భాగం. అండకోశం ఒకటి కాదు, పదులకొద్దీ. ఒక్కోదానిలో ఒకే అండం. పుప్పొడి అందిన అండకోశం కాయలో ఒక ‘కన్ను’ అవుతుంది. అందనిది ఎదగదు. మీ కాయల సొట్ట అదే. ఈసారి కోసినప్పుడు చూడండి, ఆ పక్క గింజలు దాదాపు ఉండవు.

పువ్వులో ఆడ, మగ రెండూ ఉన్నాయి గానీ వంతులవారీగా పనిచేస్తాయి. రెక్కలు కొంచెం విచ్చినప్పుడు కీలాగ్రాలు, అంటే పుప్పొడిని అందుకునే అండకోశాల కొసలు, తడిగా మెరుస్తాయి. అప్పటికి పుప్పొడి రాలదు. రెక్కలు బార్లా తెరుచుకుని పుప్పొడి రాలేసరికి కీలాగ్రాలు ఎండిపోతాయి. కాబట్టి ఇంకో పువ్వు నుంచి ఎవరో మోసుకురావాలి. మోసేది తేనెటీగ కాదు, నువ్వుగింజంత పెంకు పురుగు. మురిగిన పండ్లలో పెరుగుతుంది. మందు కొడితే మొదట చచ్చేది అదే, కొట్టకండి. మురిగిన పండు నాలుగు చెట్టు కింద పడి ఉంటే ఊడ్చెయ్యకండి కూడా. వాకిలి అద్దంలా ఉండాలనేవాళ్లకు ఈ మాట నచ్చదు, తెలుసు.

ఏప్రిల్, మే పూత మీద ఆశ పెట్టుకోవద్దు. మన ఎండకు కీలాగ్రం తడి ఇట్టే ఆరిపోతుంది. మృగశిర చినుకు పడ్డాక విచ్చిన పువ్వే మనది.

అప్పుడు పొద్దున్నే, ఎండెక్కక ముందు, బాగా తెరుచుకున్న పూలు కొన్ని కోసి తెల్ల కాగితం మీద దులపండి. రాలిన పుప్పొడిని సన్న కుంచెకు అంటించి, సగం విచ్చిన పువ్వు లోపల గుత్తి చుట్టూ, అన్ని పక్కలా, మెల్లగా రాయాలి. ఒక పక్కే రాస్తే మళ్లీ సొట్ట కాయే. పిల్లకు వేళ్లు సన్నం, పని తనకే అప్పజెప్పండి. పది పూలతో మొదలుపెట్టి, రాసిన ప్రతి కాడకూ ఎర్రదారం కట్టమనండి. కొన్నాళ్లకు రెక్కలు రాలి, దారమున్న కాడకు పచ్చని బొడిపె మిగిలితే కాయ నిలిచినట్టే.