క్రీట్‌లో ఇల్లు తీసుకునే ముందు

చిరంజీవి కార్తీక్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. దసరా సెలవులకు ఎనిమిది మందీ కలిసి గ్రీసులోని క్రీట్ ద్వీపానికి వెళ్తున్నారని, హోటలు కాకుండా విల్లా తీసుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు పంపిన ఇళ్ల ఫోటోలన్నీ చూశాను. అన్నింటిలోనూ నీలంగా మెరిసే ఈతకొలను, దాని వెనక సముద్రం, పక్కన గుత్తులుగా పూసిన కాగితపు పూల చెట్టు. ఒక్క ఫోటోలోనూ ఆ ఇంటికి వెళ్లే దారి మాత్రం లేదు. నేను ముందు చూసేది ఆ దారినే.

క్రీట్ తూర్పు నుంచి పడమరకు దాదాపు 260 కిలోమీటర్లు, వెడల్పు అరవైకి మించదు. ఇంతేకదా, వారంలో చుట్టేద్దాం అనిపిస్తుంది. కానీ ద్వీపం నడుమ వరసగా కొండలే. పడమట లెఫ్కా ఓరి, మధ్యలో ప్సిలోరితిస్, తూర్పున దిక్తి. ప్సిలోరితిస్ ఎత్తు 2,456 మీటర్లు. చెప్పుకోదగ్గ పెద్ద రోడ్డు ఉత్తర తీరం వెంబడి ఒక్కటే ఉంది. దక్షిణ తీరానికి పోవాలంటే కొండ ఎక్కి దిగాల్సిందే. అక్కడ ఇరవై కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి, ఇంటి నుంచి కిరాణా దుకాణానికి ఎన్ని నిమిషాలు, పిల్లలు దిగగల సముద్రానికి ఎన్ని నిమిషాలు, ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు అని చూడు. మొదటి రెండూ పావుగంట దాటితే ఆ ఇల్లు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టు.

నన్నడిగితే అపొకోరోనాస్ ప్రాంతంలో వెతుకు. మ్యాపులో చానియా అని కనిపించే హన్యా నగరానికి తూర్పున, రెథిమ్నోకు వెళ్లే దారిలో ఉంటుంది. వామోస్, గవలోహోరి, ప్లాకా లాంటి ఊళ్లు మెట్ట మీద ఉంటాయి. కింద కలివెస్, అల్మిరిదా తీరాలు. ఒకవైపు కిటికీ తీస్తే కొండలు, మరోవైపు సముద్రం. హన్యా విమానాశ్రయం నుంచి ముప్పావుగంట లోపే చేరవచ్చు. అల్మిరిదాలో నీళ్లు లోతు తక్కువ, పిల్లలకు భయం లేదు. తూర్పున ఎలుందా వైపు ఖరీదైన ఇళ్లు ఉన్నాయి, బాగానే ఉంటాయి, కానీ పడమటి కొండలూ తీరాలూ చూడాలనుకునే మీకు అది దూరం. వారంలో రెండు ఇళ్లు మారే ఆలోచన స్వాతికి ఉన్నట్టుంది. వద్దని చెప్పు. ఎనిమిది మంది పెట్టెలు సర్దే పూట సెలవు కాదు, బదిలీ.

ఇక ఇల్లు. కొండవాలులో కట్టినవి కాబట్టి చాలా విల్లాల్లో వంటిల్లు ఒక మట్టంలో, పడకగదులు దాని కిందో పైనో ఉంటాయి. మధ్యలో సన్నని మెట్లు, ఒక్కోచోట గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు. కారు ఆగే చోటి నుంచి వీధి తలుపు దాకా ఎన్ని మెట్లు, వంటింటి మట్టంలోనే స్నానాల గదితో పడకగది ఉందా అని యజమానిని సూటిగా అడుగు. మీ అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలుసు, మీ మామగారు చెప్పుకోరు కానీ ఆయనకూ అదే బాధ. కొలను చుట్టూ కంచె ఉందా అన్నది రెండో ప్రశ్న. చాలా ఇళ్లకు ఉండదు. వరండా తలుపు తీస్తే నాలుగడుగుల్లో నీళ్లు. మీ చిన్నది పొద్దున్నే అందరికంటే ముందు లేచే పిల్ల. కంచె లేకపోతే ఆ తలుపుకు పిల్లకు అందని ఎత్తులో గడియ ఉండాలి. అక్టోబరులో కొలను నీళ్లు చల్లగా ఉంటాయి, వేడి చేయడానికి విడిగా డబ్బు తీసుకుంటారు. సముద్రమే నయం, వేసవంతా కాగిన నీళ్లు అక్టోబరు దాకా వెచ్చగా ఉంటాయి. టాయిలెట్‌లో కాగితం లోపల వేయకూడదు, పైపులు సన్నవి, పక్కనున్న మూత డబ్బాలో వేయాలి. మనకు కావలసిన మగ్గు అక్కడ ఉండదు. ఒకటి పెట్టెలో పడేయండి.

అద్దె కట్టే ముందు ప్రకటనలో గ్రీసు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ సంఖ్య ఉందో లేదో చూడు. అద్దె ఇళ్లకు ఏఎంఏ అనే సంఖ్య, లేదా పర్యాటక శాఖ లైసెన్సు సంఖ్య ఉండాలి. ఏదీ చూపించకుండా, ముందే మొత్తం డబ్బు ఖాతాలో వేయమనే ఇంటి జోలికి పోకు. రాత్రికింత అని ప్రభుత్వ పన్ను ఒకటి అద్దె మీద అదనంగా పడుతుంది, అది కలిపి చెప్పారా లేదా అని కూడా అడుగు. వీసా వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న ఇల్లే ఖాయం చెయ్యి. గ్రీసుకు కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దలకు 90 యూరోలు, ఆరు నిండి పన్నెండు లోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు, నలభై అయిదు దాకా సాగినా సాగవచ్చు. ఎనిమిది మందికి ఒకే రోజున అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు కష్టం.

దసరా ముందుగా వచ్చే ఏడు మనవాళ్ల సెలవులూ అక్కడి మంచి రోజులూ చక్కగా కలిసిపోతాయి. పండగ అక్టోబరు మూడో వారంలో పడితే మాత్రం సెలవుల మొదటి రోజునే బయలుదేరండి. నెలాఖరుకు వానలు మొదలవుతాయి, తీరంలోని భోజనశాలలు ఒక్కొక్కటే మూతపడతాయి. వేసవి సెలవులకు మార్చుకున్నా మే నెలాఖరు బాగుంటుంది, అప్పుడు సముద్రం కాస్త చలి. జులై, ఆగస్టుల్లో ఎండ, రద్దీ, ఉత్తరం నుంచి మెల్తెమి గాలి, ఆపైన రెట్టింపు అద్దె. ఆ నెలల మాట ఎత్తకు.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఏథెన్స్ చేరాక, అక్కడి నుంచి హన్యాకు విమానంలో గంట లోపే. కానీ పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి నేనైతే ఏథెన్స్ దగ్గరి పిరెయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కుతాను. గదులు తీసుకుంటే హాయిగా పడుకుని తెల్లవారేసరికి హన్యా పక్కనున్న సూదా రేవులో దిగవచ్చు. పెట్టెల బరువు గురించి ఎవరూ అడగరు.

కారు లేకుండా ఈ సెలవు జరగదు. తొమ్మిది సీట్ల వ్యాను ఒకటి తీసుకుంటే సరిపోతుందని నువ్వు అనుకుంటున్నావు. ఆ ఊళ్లలో రెండు రాతి గోడల మధ్య సందులోకి వ్యాను దూరి ఇరుక్కుంటే వెనక్కి తీయడం నీ తరం కాదు. రెండు చిన్న కార్లు తీసుకోండి, నువ్వొకటి, స్వాతి ఒకటి నడపండి. ఒక జట్టు ఇంట్లో ఉండి, ఇంకో జట్టు తిరిగి రావడానికీ వీలవుతుంది. ఇద్దరూ రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది, ఇక్కడి లైసెన్సు కూడా వెంట ఉండాలి. అక్కడ బండి కుడివైపున పోతుంది, గేరు కుడి చేతికి వస్తుంది. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ఇప్పుడే చెప్పి ఉంచు. పిల్లల సీట్లు కూడా.

ఉత్తర రోడ్డు మీద ఒక అలవాటు చూస్తావు. నెమ్మదిగా పోయే బండి కుడి అంచు గీత దాటి సగం పక్కకు జరిగి వెనకవాడికి దారి ఇస్తుంది. తిన్నని చోట నువ్వూ జరుగు. మలుపులో, ముందేముందో కనిపించని చోట జరగకు, వెనకవాడు ఎంత హారన్ కొట్టినా సరే. దక్షిణ తీరంలోని స్ఫకియా వైపు దిగే రోడ్డు మన తిరుమల ఘాట్ రోడ్డు లాంటిదే, కాకపోతే తిరుమలలో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి. ఇక్కడ రెండూ ఒకటే, మధ్యలో మేకలు. మలుపుల దగ్గర చిన్న గుడి ఆకారంలో పెట్టెలు, లోపల ఒక దీపం, ఒక పటం కనిపిస్తాయి. ప్రమాదంలో పోయినవాళ్ల జ్ఞాపకంగానో, బతికి బయటపడినవాళ్ల మొక్కుగానో పెట్టినవి. అవి రెండు మూడు ఒకే చోట కనిపిస్తే అక్కడ వేగం తగ్గించాలని అర్థం చేసుకో. స్ఫకియాలో కొన్ని రోడ్డు బోర్డులకు తుపాకీ గుళ్ల చిల్లులు ఉంటాయి, కంగారు పడకండి, అది అక్కడివాళ్ల సరదా. చీకటి పడ్డాక కొండ రోడ్డు మీద ఉండవద్దు. మట్టి రోడ్డెక్కితే చాలా కంపెనీల కారు బీమా వర్తించదు. టైర్లకూ కారు అడుగుభాగానికీ కూడా చాలావాటిలో ఉండదు, కాగితం చదివి సంతకం పెట్టు.

వంట సంగతికి వస్తున్నాను. విల్లా తీసుకోవడంలో సగం ఉద్దేశం అదే కదా. మీ అత్తగారు డబ్బాలు సర్దడం మొదలుపెట్టక ముందే ఈ ముక్క ఆవిడకు చదివి వినిపించు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి లేదు, కోవా లేదు, కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి లేవు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, తాజా ఆకులకూ మొక్కలకూ ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పొడి తీసుకెళ్లండి. నెయ్యి కావాలంటే అక్కడ ఉప్పులేని వెన్న కొని కాచుకోవడమే. పెరుగు గురించి దిగులు పడకండి, గొర్రెపాల పెరుగు గట్టిగా, మీగడతో ఉంటుంది. అయిదు నిమిషాలు నీళ్లు పోసి చిలికితే గానీ మజ్జిగ కాదు. పప్పుకు పసుపు రంగు బఠానీ బద్దల్లాంటివి ఫావా పేరుతో దొరుకుతాయి. ఉడికి మెత్తగా అవుతాయి, చింతపండు రసం, ఇంగువ పోపు పడితే మీ నాన్నగారు కందిపప్పని నమ్మేస్తారు. సంతలో వ్లీతా అని అమ్మేది తోటకూర జాతే, గ్లిస్త్రిదా అంటే మన పాయలకూర. వాళ్లు ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకుని తింటారు, కొందరు పచ్చిగా సలాడ్‌లో వేస్తారు. మీరు పులుసు పెట్టుకోండి.

యజమానిని పొయ్యి ఎలాంటిదని అడుగు. ఇండక్షన్ అయితే మీ అమ్మ పాత అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు, అడుగు చదునుగా ఉండే స్టీలు కుక్కర్ కావాలి. పసుపు డబ్బా తెల్ల పాలరాతి గట్టు మీద పెట్టకండి. తడి అడుగుతో పెట్టిన డబ్బా తీస్తే పచ్చని చక్రం మిగులుతుంది, ఎంత తోమినా పోదు, డిపాజిట్‌లోంచి పోయేది మాత్రం డబ్బే. కిందొక పాత పళ్లెం పెట్టండి. పోపు వేసేటప్పుడు కిటికీ తెరవండి, పొగకు అలారం మోగుతుంది. ఆదివారం చాలా పెద్ద దుకాణాలు మూసే ఉంటాయి, శనివారం దిగితే ఆ సాయంత్రమే సరుకులు కొనేయాలి. మధ్యాహ్నం మూడు, అయిదున్నర మధ్య ఊరంతా నిద్రపోతుంది. పిల్లల్ని ఆ వేళ కొలనులో కేకలు పెట్టనివ్వకండి.

బయట తింటే శాకాహారులకు ఇబ్బంది లేదు. బార్లీ రస్కు మీద టమాటా, జున్ను వేసిన దాకోస్, టమాటాల్లో, బుట్టమిరపకాయల్లో అన్నం కూరిన గెమిస్తా, పెద్ద చిక్కుడు గింజల కూర. నిస్తీసిమో అని చెబితే మాంసం, పాలు, గుడ్లు లేనివి ఇస్తారు, కానీ దాంట్లో రొయ్యలు, నత్తల్లాంటివి ఉండవచ్చు, మీ అత్తగారికి వడ్డించే ముందు అడగాలి. భోజనం అయ్యాక పండ్లతో పాటు రాకీ అనే ఘాటు సారా సీసా ఉచితంగా తెచ్చి పెడతారు. కారు నడిపేవాళ్ల ముందు నుంచి గ్లాసు తీసేయ్.

తిరగడానికి ఒక రోజు, ఇంట్లో ఒక రోజు. ఎలఫోనిసి తీరంలో గులాబీ రంగు ఇసుక, పిక్కల లోతు నీళ్లు, పిల్లలకు పండగే. పొద్దున తొమ్మిదికల్లా చేరి, జనం వచ్చే వేళకు వెనక్కి తిరగండి. ఇసుక ఒక్క గుప్పెడు కూడా తీసుకురాకూడదు. సమారియా లోయ నడక 16 కిలోమీటర్లు. ఒమాలోస్ దగ్గర పన్నెండు వందల మీటర్ల ఎత్తున మొదలై సముద్రం దాకా దిగుడే, సగంలో బయటపడే దారి లేదు. అక్కడి నుంచి ఓడెక్కితేనే తిరిగి రాగలరు. నువ్వూ పెద్దవాడూ వెళ్లండి, మిగతావాళ్లను వదిలేయండి. పిల్లవాడికి అది ఎక్కువనిపిస్తే ఇంబ్రోస్ లోయ ఉంది, ఎనిమిది కిలోమీటర్లు. మీ అమ్మా వాళ్లకు స్ఫకియా రేవు నుంచి పడవలో లూత్రో చూపించు. రోడ్డే లేని ఊరు, కార్ల మోత ఉండదు, నీళ్ల ఒడ్డున కూర్చుని కాఫీ తాగడమే పని. క్నోసోస్‌కు మీ ఇంటి నుంచి పోను దాదాపు రెండు గంటలు. 1900లో ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాలు మొదలుపెట్టి, తర్వాత కాంక్రీటుతో చాలా భాగం తిరిగి కట్టించిన పురాతన ప్యాలెస్ అది. ఎర్ర స్తంభాలు చూసి అన్నీ పాత కాలానివే అనుకోవద్దు. అసలు వస్తువులు హెరాక్లియన్ మ్యూజియంలో ఉన్నాయి. రెండూ చూసే ఓపిక లేకపోతే మ్యూజియం చాలు.

ఖాళీ చేసే రోజున పదిగంటలకే తాళాలు అడుగుతారు, ఓడ రాత్రికి. పెట్టెలు సాయంత్రం దాకా ఉంచుకోనిస్తారా అని ఇప్పుడే రాసి అడుగు, లేదంటే హన్యా పాత రేవులో ఎనిమిది పెట్టెలతో నిలబడాల్సి వస్తుంది. నువ్వు పంపినవాటిలో గవలోహోరి ఇల్లు ఒక్కటే నాకు నచ్చింది. మెట్ల సంగతి, కంచె సంగతి, పొయ్యి సంగతి వాళ్లు ఏమి చెప్పారో నాకు పంపు.

ఉంటాను,
పెద్దమ్మ