ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తోందంటే ముందు ఏం చేయాలి? సోంపేట బీల ఒడ్డు నుంచి ఒక జవాబు

సముద్రం ఒడ్డున ఉన్న మీ ఊరి పక్కన కెమికల్ ప్లాంటు రాబోతోందనీ, ఇంకో మూడు వారాల్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉందనీ రాశారు. ఊళ్లో కొందరు ఉద్యోగాలొస్తాయంటున్నారు, కొందరు అసలు ఆ సభకే వెళ్లొద్దంటున్నారు. ఇలాంటివాటిని ఆపగలిగిన ఊళ్లు ఉన్నాయా, ఏం చేస్తే ఆగాయి అని అడిగారు.

ఉన్నాయి. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర, బీలను ఆనుకుని ఉన్న ఊరు. 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు మా దగ్గరికి రావాల్సింది, రాలేదు. కానీ రాలేదు అనే ఆ ఒక్క మాట వెనక 2010 జులై 14 ఉంది. ఆ రోజు పోలీసు కాల్పుల్లో మావాళ్లు ఇద్దరు చనిపోయారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మేం గెలిచాం అని ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

బీల అంటే ఏమిటో చెప్తాను, మిగతాదంతా దాంతోనే అర్థమవుతుంది. ఊళ్లకీ సముద్రానికీ మధ్య ఉన్న మంచినీటి చిత్తడి నేల అది. వానలు పడితే చుట్టుపక్కల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఆ నీళ్లతోనే వరి పండుతుంది. గేదెలు అక్కడే మేస్తాయి. కేవిటివాళ్లు అందులో చేపలు పట్టి బతుకుతారు. తుంగ కోసి చాపలు అల్లుతారు. చేతిలో రూపాయి లేని రోజున మా అమ్మమ్మ బీల వైపు వెళ్లొచ్చేది. నాలుగు కొర్రమీనులో, ఒక తుంగ మోపో లేకుండా తిరిగి రావడం నేను చూడలేదు.

2008లో ఆ బీలలో దాదాపు 970 ఎకరాలు కంపెనీకి కేటాయించినప్పుడు, కాగితం మీద మాత్రం అది పనికిరాని భూమి. పంట లేదు, ఎవరికీ ఉపయోగం లేదు అన్నట్టు రాశారు. ఆ కాగితం గురించి తెలిసిన రోజు మా నాన్న అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. నలభై ఏళ్లు ఆ నీళ్లతో మడి తడిపిన మనిషి.

నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మీ నేల, మీ సముద్రం ఏమిటో కాగితం మీదికి మీరే ఎక్కించండి. మాకైనా చివరికి అక్కరకొచ్చింది అదే. పర్యావరణ అనుమతి మీద మావాళ్లు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్లారు. అది పనికిరాని భూమి కాదు, చిత్తడి నేల అన్నదే అక్కడ అసలు వాదన. అథారిటీ అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు కూడా 2010 జులై 14. ఢిల్లీలో అనుమతి రద్దయిన రోజే బీలలో కాల్పులు జరిగాయి. ఆ రెండూ ఒక్క రోజు అటూ ఇటూ అయి ఉంటే ఆ ఇద్దరూ బతికుండేవాళ్లేమో అని మా ఊళ్లలో ఇప్పటికీ అనుకుంటాం.

ఇక మీ సభ సంగతి. దయచేసి బహిష్కరించకండి. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకి కనీసం ఇంతమంది రావాలన్న కోరం ఏమీ లేదు. మీరు రాకపోయినా సభ జరిగినట్టే లెక్క. వెళ్లి మాట్లాడండి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో అక్కడ జరిగినదంతా స్థానిక భాషలో చదివి వినిపించాలి. అది వినకుండా ఇంటికి రాకండి. మీరు అన్నది అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి. సభకి ముప్ఫై రోజుల ముందే నోటీసు ఇవ్వాలి కాబట్టి అది పేపర్లో ఏ తేదీన వచ్చిందో చూసి కత్తిరించి దాచుకోండి. ఈఐఏ రిపోర్టు సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరేట్‌లోనూ, జిల్లా పరిషత్ ఆఫీసులోనూ, మీ పంచాయతీ దగ్గరా అడగండి. మైకు ముందు నోరు పెగలనివాళ్ల చేత కాగితం మీద రాయించి ఇప్పించండి, దానికీ అంతే విలువ ఉంటుంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్టు సంతకం తీసుకోండి.

ఏం రాయాలి అంటే, "ప్లాంటు వద్దు" అని వెయ్యి మంది రాసినదాని కన్నా మీ ఊళ్లో ఎన్ని పడవలున్నాయి, ఏ నెలలో ఏ చేప పడుతుంది, వలలు ఎక్కడ ఆరబెడతారు, మంచినీళ్ల బావి ప్లాంటు స్థలానికి ఎంత దూరం, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఉంటే అది ఎక్కడ అనే వివరాలు ఎక్కువ పనిచేస్తాయి. తేదీతో ఫొటోలు తీయండి. తర్వాత రిపోర్టులో మీ తీరం గురించి ఏం రాశారో పక్కన పెట్టి చూడండి. కెమికల్ ప్లాంటు కాబట్టి ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: వ్యర్థ జలాల పైపు సముద్రంలోకి ఎంత దూరం వెళ్తుంది, ఎక్కడ వదులుతుంది? వేటకెళ్లే మీవాళ్లు ఆ చోటు పేరు వినగానే అక్కడ ఏముంటుందో చెప్పేస్తారు. ఆ మాటే రాయించండి.

ఉద్యోగాలు కావాలనేవాళ్లను మాత్రం కంపెనీ మనుషులని తిట్టకండి. మా చిన్నాన్న కొడుకు ఐటీఐ చేసి ఖాళీగా ఉండేవాడు, ప్లాంటు వస్తే బాగుండని అనేవాడు. ఊళ్లో చాలా మాటలు పడ్డాడు. ప్లాంటు ఆగింది, వాడు విశాఖ వలస పోయాడు. ఉద్దానం నుంచి వలసలు ప్లాంటు లేకపోయినా ఆగలేదు, అది నిజం. వాడి బాధ తప్పు కాదని ఇప్పుడు అనిపిస్తుంది. మీ కుర్రాళ్లను సభకి తీసుకెళ్లండి. పర్మినెంట్ ఉద్యోగాలు ఎన్ని, ఏ చదువుకి, స్థానికులకి ఎన్ని అని వాళ్లనే అడగనివ్వండి. జవాబు రికార్డులో ఉంటుంది.

కాల్పుల తర్వాత మా దగ్గర చాలామంది మీద కేసులు పడ్డాయి. చిన్నాన్న మీద కూడా. వాయిదా ఉన్న ప్రతిసారీ ఆ రోజు కూలి పోయేది, బస్సు ఛార్జీలు అదనం. ఇంట్లో ఆ టెన్షన్ ఏళ్ల తరబడి ఉంది. కాబట్టి ఇప్పుడే ఒక లాయరుతో మాట్లాడి పెట్టుకోండి. ఎవరెంత రెచ్చగొట్టినా రాయి పట్టుకోవద్దని ఊరంతా ముందే అనుకోండి. మా జిల్లాలోనే కాకరాపల్లిలో, తంపర అనే చిత్తడి నేలల్లో కడుతున్న ఇంకో థర్మల్ ప్లాంటు దగ్గర 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు జరిగాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి. సోంపేట జరిగి ఎనిమిది నెలలు కూడా కాలేదు.

అనుమతి వచ్చేస్తే అంతా అయిపోయిందనుకోకండి. మాకూ వచ్చింది, 2009 డిసెంబరులో. ఇప్పుడైతే అప్పీలు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి చేసుకోవాలి. మనకి చెన్నై బెంచి. గడువు ముప్ఫై రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించవచ్చు, ఆ తర్వాత వినరు. అందుకే అనుమతి ఎప్పుడొస్తుందో చూస్తుండే పని చదువుకున్న ఒక పిల్లకో పిల్లాడికో అప్పజెప్పండి. అనుమతి పోయినా భూమి కేటాయింపు ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. మా దగ్గర ఆ కేటాయింపు రద్దయింది 2015లో. అప్పటిదాకా రిలే నిరాహార దీక్షలు నడిచాయి. వరి కోతల రోజుల్లో కూడా వంతులు వేసుకుని ఆడవాళ్లు టెంటులో కూర్చున్నారు.

మూడు వారాలు తక్కువేమీ కాదు. రేపు పంచాయతీ ఆఫీసుకి వెళ్లి తెలుగు సారాంశం అడగండి. దొరికితే అందులో మీ తీరం గురించి ఉన్న పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను కూర్చుని చదువుతాను.