బేస్‌బాల్‌లో ‘దొంగతనం’ అంటే ఏమిటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలోని ఓక్లండ్ దగ్గర స్థిరపడింది. అక్కడ ఉన్న రోజుల్లో రికీ హెండర్సన్ అనే బేస్‌బాల్ ఆటగాడి పేరు తరచుగా విన్నాను. ‘బేసులు దొంగిలించడం’లో ఆయనకు సాటి లేరట. ఆటలో దొంగతనం ఏమిటి? కాళ్లలో వేగం ఉంటే చాలునా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: క్రికెట్‌లో బౌలర్ బంతి వదలకముందే నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటితే అతణ్ని రనౌట్ చేయవచ్చు, అలా చేసిన ప్రతిసారీ న్యాయమా, అన్యాయమా అని మనవాళ్లు వాదించుకుంటారు. బేస్‌బాల్‌లో ఆ వాదానికి తావే లేదు. మైదానంలో ఆటగాడు వరుసగా చుట్టిరావలసిన నాలుగు గుర్తులే బేసులు, నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. మొదటి బేస్ మీద ఉన్న ఆటగాడు ముందుగానే నాలుగడుగులు రెండో బేస్ వైపు జరిగి నిలబడటం, పిచర్ (బంతి విసిరేవాడు) అతణ్ని బెదిరిస్తూ మొదటి బేస్‌కు బంతి విసరడం అక్కడ ఆటలో భాగమే. తన జట్టువాడు బంతిని కొట్టకుండానే, పిచర్ బంతి వేసే వ్యవధిలో తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరుకోవడాన్నే దొంగిలించడం అంటారు.

బేసుల మధ్య దూరం 90 అడుగులు. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక దాన్ని అందుకునేవాడు) చేతికి చేరడానికి సుమారు 1.3 సెకన్లు, క్యాచర్ దాన్ని అందుకుని రెండో బేస్‌కు విసరడానికి మరో రెండు సెకన్లు పడతాయి. అంటే పరుగెత్తేవాడికి దొరికేది మూడు సెకన్ల పైచిలుకు మాత్రమే. కాబట్టి ఎంత వేగంగా పరుగెత్తాడన్న దానికన్నా ఏ క్షణంలో బయలుదేరాడన్నదే ఎక్కువసార్లు ఫలితాన్ని తేలుస్తుంది. ఇక్కడ నియమం కూడా అతనికి కొంత తోడ్పడుతుంది: పిచర్ ఒకసారి బ్యాటర్ వైపు కదలిక మొదలుపెట్టాక మధ్యలో మనసు మార్చుకుని మొదటి బేస్‌కు విసరకూడదు, విసిరితే తప్పిదంగా లెక్కించి, పరుగెత్తేవాణ్ని తర్వాతి బేస్‌కు పంపిస్తారు. అందువల్ల దొంగిలించేవాడి కళ్లు బంతి మీద కాకుండా పిచర్ పాదాల మీద ఉంటాయి. కుడిచేతి పిచర్ కుడి మడమ ముందుగా లేచిందంటే మొదటి బేస్‌కు విసరబోతున్నాడని, ఎడమ మడమ లేచిందంటే బ్యాటర్‌కు వేయబోతున్నాడని అర్థం. ఆ ఎడమ మడమ లేచీ లేవగానే హెండర్సన్ బయలుదేరేవాడు. చివరి కొన్ని అడుగులు తల ముందుకు పెట్టి, నేలకు సమాంతరంగా దూకి, చేతులతో బేస్‌ను అందుకునేవాడు. విమానం కుదుపు లేకుండా నేల మీదికి దిగే తీరు చూసి తాను దూకే తీరును మెత్తబరచుకున్నానని ఆయనే చెప్పాడు.

ఓక్లండ్‌తో ఆయన అనుబంధం నిజంగా పెద్దదే. 1958లో క్రిస్మస్ నాడు షికాగోలో, ఆసుపత్రికి తీసుకువెళ్తున్న కారులోనే పుట్టిన హెండర్సన్, పెరిగింది ఓక్లండ్‌లో. బడిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినా, తల్లి బేస్‌బాల్ వైపే మొగ్గు చూపింది. 1976లో ఓక్లండ్ అథ్లెటిక్స్ ఆయనను ఎంచుకుంది. 1979 జూన్‌లో అక్కడి అత్యున్నత స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఎడమచేత్తో విసిరి కుడిచేతి వాటంగా బ్యాటింగ్ చేయడం ఆ ఆటలో చాలా అరుదు, ఆయన అలాంటివాడు. లెఫ్ట్ ఫీల్డ్‌లో (మైదానం ఎడమ పక్క) ఆడుతూ 1981లో ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారం కూడా పొందాడు.

ప్రశ్న: 1982లో హెండర్సన్ నెలకొల్పిన 130 బేసుల రికార్డు ఇన్నేళ్లయినా ఎందుకు చెక్కుచెదరలేదు? ఆయన అత్యుత్తమ సంవత్సరం అదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబిస్తాను: కాదు. అంతకుముందు తరం దొంగతనాల మేటి లూ బ్రాక్ 1974లో సాధించిన 118ని దాటి 130కి చేరిన మాట నిజమే. కానీ అదే ఏడాది 42 సార్లు దొరికిపోయి అవుటయ్యాడు. ఒక సీజన్‌లో దొరికిపోవడంలోనూ అది రికార్డే. ఒక ఇన్నింగ్స్‌కు మూడే అవుట్లు ఉండే ఆటలో, దొరికిపోయినవాడు తాను బేస్‌ను పోగొట్టుకోవడమే కాక జట్టుకున్న అవకాశాల్లో మూడో వంతును వదులుకుంటాడు. సుమారుగా నాలుగింట మూడుసార్లు గెలవలేనివాడు అసలు బయలుదేరకపోవడమే జట్టుకు మేలని లెక్కలు చెబుతాయి. 1982లో ఆయన విజయాల శాతం 75.6, అంటే ఆ గీతకు కాస్త అటూ ఇటూగానే నిలిచింది. 1985లో న్యూయార్క్ యాంకీస్ తరఫున 90 ప్రయత్నాల్లో 80 సార్లు నెగ్గి, 143 ఆటల్లో 146 పరుగులు చేశాడు, 24 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. నా దృష్టిలో ఆయన ఆట పరిపక్వమైంది ఆ ఏడాదే. అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం మాత్రం ఓక్లండ్‌కు తిరిగొచ్చాక, 1990లో దక్కింది.

రికార్డు నిలిచిపోవడానికి కారణమూ ఈ లెక్కే. 1980లలో విన్స్ కోల్మన్ వరుసగా మూడేళ్లు వందకు పైగా దొంగిలించాడు. 1987 తర్వాత ఎవరూ వంద ముట్టుకోలేదు. జట్లు అవుట్ విలువను లెక్కగట్టడం మొదలుపెట్టాయి, హోమ్ రన్ల మీద ఆధారపడటం పెరిగింది, పిచర్లు కాలు ఎత్తకుండా త్వరగా బంతి వేయడం నేర్చుకున్నారు. 2023లో మేజర్ లీగ్ బేస్ పలకను 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెంచి, పిచర్ మొదటి బేస్‌కు విసిరి బెదిరించే అవకాశాలకు పరిమితి విధించిన తర్వాత దొంగతనాలు మళ్లీ ఊపందుకున్నాయి. అయినా ఆ ఏడాది అందరికన్నా ముందున్న అట్లాంటా అవుట్‌ఫీల్డర్ రొనాల్డ్ అకున్యా జూనియర్ చేరింది 73కే.

ప్రశ్న: వేగాన్ని నమ్ముకున్న క్రీడాకారుడు ముప్పై దాటితే వెనకబడతాడని నేను పిల్లలకు చెబుతుంటాను. హెండర్సన్ నలభై దాటాక కూడా ఎలా నిలబడ్డాడు?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మీరు పిల్లలకు చెప్పేది చాలామంది విషయంలో నిజమే. హెండర్సన్ మినహాయింపు కావడానికి కారణం ఆయన కళ్లలో ఉంది. నడుము బాగా వంచి, ముడుచుకుని నిలబడి బ్యాటింగ్ చేసేవాడు. మోకాళ్లకూ రొమ్ముకూ మధ్య పిచర్ గురిపెట్టవలసిన జాగా దానితో కుంచించుకుపోయేది. ఆ హద్దు దాటిన బంతిని ముట్టుకునేవాడు కాదు. అలాంటి బంతులు నాలుగు పడితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా లభిస్తుంది. 1998లో, 39 ఏళ్ల వయసులో ఆయన బ్యాటింగ్ సగటు (ప్రయత్నాల్లో ఎంత వంతు హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరడాలు, అన్న లెక్క) 0.236 మాత్రమే, అంటే సాధారణం కన్నా తక్కువ. అయినా 118 సార్లు ఉచితంగా బేస్ చేరి, 66 బేసులు దొంగిలించి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. బేస్ మీదికి చేరలేనివాడికి ఎంత వేగమున్నా ఉపయోగం లేదు. కుర్ర పరుగువీరులు ఎందరో అక్కడే ఆగిపోయారు.

1991 మే 1న 939వ బేస్‌తో బ్రాక్ జీవితకాల రికార్డును దాటినప్పుడు, ఆ బేస్‌ను నేలలోంచి పెకలించి తలపైకెత్తి, బ్రాక్ ఎదుటే, ఈ రోజు సర్వకాలాలకూ గొప్పవాణ్ని నేనే అని మైకులో ప్రకటించాడు. చాలామంది దాన్ని అహంకారమన్నారు. అంతకుముందు ఎందరికో కృతజ్ఞతలు చెప్పిన సంగతి మాత్రం జనం గుర్తుపెట్టుకోలేదు. చెప్పిన మాట తప్పేమీ కాదు: చివరికి ఆయన లెక్క 1,406కి చేరింది.

నాకు మాత్రం ఆ సంఖ్య కన్నా 2,295 అన్న అంకె ముఖ్యంగా తోస్తుంది. అది ఆయన చేసిన మొత్తం పరుగులు. 2001 అక్టోబరు 4న, 42 ఏళ్ల వయసులో, శాన్ డియాగో పాడ్రెస్ తరఫున పాత తరం ఆటగాడు టై కాబ్ రికార్డు దాటిన పరుగు హోమ్ రన్‌తో వచ్చింది. హోమ్ రన్ కొట్టినవాడు తాపీగా నడిచి రావచ్చు. హెండర్సన్ హోమ్ ప్లేట్ (చివరి బేస్) దగ్గరికొచ్చి నేల మీద జారుతూ చేరాడు. మూడు రోజుల తర్వాత 3,000వ హిట్ కూడా పూర్తి చేశాడు.

మేజర్ లీగ్‌లో చివరి ఆట 2003లో, లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ తరఫున ఆడాడు. అప్పటికి తొమ్మిది జట్లు, 25 సీజన్లు గడిచాయి. ఆ తర్వాత కూడా విరమణ ప్రకటించకుండా చిన్న లీగుల్లో ఆడుతూ, 2005లో 46 ఏళ్ల వయసులో శాన్ డియాగో సర్ఫ్ డాగ్స్ జట్టులో కనిపించాడు. పెద్ద జట్ల నుంచి పిలుపు మాత్రం రాలేదు. 2009లో అర్హత పొందిన తొలి ఏడాదే 94.8 శాతం ఓట్లతో, మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2024 డిసెంబరు 20న, 66వ పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు, మరణించాడు.