స్ప్రింగులు కొనేముందు కవర్ తీసి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రేసులో మలుపు దాటి థ్రాటిల్ తిప్పితే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి కదలడం లేదని, ఒక్కోసారి మాత్రం క్లచ్ గబుక్కున పట్టేస్తోందని రాశావు. క్లచ్ ప్లేట్లను అదిమిపట్టే స్ప్రింగులు గట్టివి వేస్తే సరిపోతుందా అని అడిగావు. ఇప్పుడే వద్దు. అరిగిన ప్లేట్ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈలోపు లివర్ బరువెక్కి నీ ముంజేతులు రాళ్లలా బిగుసుకుపోతాయి, అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది.

ముందు లివర్ దగ్గర ఆట, అంటే క్లచ్ కదిలేలోపు లివర్ ఖాళీగా జరిగే దూరం, చూడు. నీది కేబుల్ బండి కాబట్టి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లివర్ మొదట్లో 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రేసులో వేడెక్కాక ప్లేట్లు ఉబ్బి ఆట పెరుగుతుంది. అప్పుడు అడ్జస్టర్ బిగిస్తావు, అందరూ చేసేదే. చల్లారాక దాన్ని వెనక్కి తిప్పడం మాత్రం మర్చిపోతావు. ఆట లేకపోతే లివర్‌ను ఎప్పుడూ కాస్త నొక్కి పట్టినట్టే. ప్లేట్లు జారి జారి కాలిపోతాయి. నాకు నీ మీద మొదటి అనుమానం ఇదే.

రెండోది ఆయిల్. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే ఆయిల్‌లో మునిగే బైక్ క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు, ఉందా? చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఆ ఆయిల్‌లో మునిగిన క్లచ్ జారక ఏం చేస్తుంది?

ఇక క్లచ్ కవర్ తీయి. పెట్రోలు కారకుండా చూసుకుని బండిని ఎడమవైపుకు పడుకోబెడితే ఆయిల్ తీయకుండానే పని అవుతుంది. స్ప్రింగు బోల్టులు ఒక్కసారే ఊడదీయకు, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. బిగించేటప్పుడూ అంతే, అప్పుడు మాత్రం ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్ వాడు. ఆ బోల్టులు దిగే మరలు అల్యూమినియంవి. కుర్రతనంలో "ఇంకొక్క చుట్టు" అని తిప్పి ఒక మర పాడుచేశాను. పది నిమిషాల పనికి రెండు వారాలు బండి మూలన పడింది.

స్టీల్ ప్లేట్లు నీలంగా మారితే బాగా కాలాయని అర్థం. ఒక్కోదాన్ని అద్దం మీద పెట్టి, అంచు కింద ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకు, దూర్చి వంపు చూడు. ఫైబర్ ప్లేట్ల మందం, స్ప్రింగుల పొడవు వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్‌లో ఉన్న హద్దుతో పోల్చు. మార్చాల్సి వస్తే మొత్తం సెట్ మార్చు. కొత్త ఫైబర్ ప్లేట్లను బండిలో పోసే ఆయిల్‌లోనే ఒక రాత్రి నానబెట్టు, పొడిగా బిగిస్తే మొదటి స్టార్ట్‌లోనే మాడతాయి.

తర్వాత బాస్కెట్, అంటే ప్లేట్లు కూర్చునే వేళ్ల గిన్నె. చాలామంది కొత్త ప్లేట్లు వేసి దీన్ని వదిలేస్తారు. ఫైబర్ ప్లేట్ల చెవులు బాస్కెట్ వేళ్లను కొట్టి కొట్టి గాళ్లు చేస్తాయి. ప్లేట్లు ఆ గాళ్లలో ఇరుక్కుంటాయి, సాఫీగా జరగవు. లివర్ వదిలినప్పుడు గబుక్కున పట్టేది, నొక్కినా పూర్తిగా వదలక న్యూట్రల్ దొరకనిది అందుకే. వేళ్ల మీద గోరు నడిపి చూడు. సన్నగా తగిలితే ఆకురాయితో తేలిగ్గా రుద్ది, పొడి లోపల పడకుండా తుడువు. గోరు దిగబడేంత లోతుంటే రుద్దకు, చెవుల చుట్టూ ఖాళీ పెరిగి ఇంకా తొందరగా కొట్టేస్తుంది. అప్పుడు డబ్బు పెట్టాల్సింది బాస్కెట్ మీదే. బిల్లెట్ బాస్కెట్, అంటే ఒకే లోహపు దిమ్మ నుంచి చెక్కింది, ఖరీదెక్కువ, కానీ బాగా ఆగుతుంది. మంచి ప్లేట్లు, నున్నటి బాస్కెట్ ఉండి కూడా జారితే గట్టి స్ప్రింగుల గురించి ఆలోచించు.

నీ వేలి గురించీ ఒక మాట. మలుపులో మూడో గేరులో ఉండిపోయి, క్లచ్ జార్చి ఇంజిన్‌ను లేపడం నీకు అలవాటు, నేను చూశాను. రెండులోకి దించు. పని లేనప్పుడు లివర్ మీద వేలు బరువు పెట్టకు.

ఈ ఆదివారం కవర్ తీశాక ప్లేట్లన్నీ వరసగా పేర్చి, బాస్కెట్ వేళ్లు దగ్గరగా కనిపించేలా ఫొటోలు పంపు.

మీ మామయ్య