కొత్త గ్రిల్ కొన్న తమ్ముడి కొడుక్కి, బొగ్గుల మీద కోడి గురించి

చిన్నా,

తిరిగే చువ్వకి గుచ్చి కోడిని బొగ్గుల మీద ఎలా కాల్చాలని నిన్న ఫోన్‌లో అడిగావు. అది రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్నావు, వెనక పెరడు ఉంది, బొగ్గుల గ్రిల్, దానికి తిరిగే చువ్వ, మోటారు అన్నీ తెప్పించావు. చాలా సంతోషం. వచ్చే శనివారం పది మందిని భోజనానికి పిలిచానన్నావు చూడు, అక్కడే నాకు కొంచెం టెన్షన్. వాళ్ల కంటే ముందు, ఈ బుధవారమో గురువారమో, మీ ఇద్దరి కోసం ఒక కోడి కాల్చుకో. నీ గ్రిల్ ఎంత వేడెక్కుతుందో, ఎంతసేపు నిలుస్తుందో నీ చేతికి తెలియాలి.

కోడి తోలుతో ఉన్నదే తీసుకో. ఇండియన్ స్టోర్‌లో అడిగితే అలవాటు కొద్దీ స్కిన్‌లెస్ ఇచ్చేస్తారు, అది కూరకి. మీ నాయనమ్మ ఊళ్లో నాటుకోడి ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి, తోలుతోనే వండేది. బాయిలర్ కోళ్లు తెచ్చుకోవడం మొదలయ్యాకే మన ఇంట్లో తోలు తీయించడం అలవాటైంది. చువ్వ మీద తోలు లేని కోడి ఎండిపోయి పీచులా అవుతుంది. తోలు ఉంటే దాని కింద కొవ్వు కరిగి, కోడి తిరుగుతుంటుంది కాబట్టి వెంటనే కారిపోకుండా ఒళ్లంతా పాకుతుంది. 4 పౌండ్ల కోడి, అంటే ఇంచుమించు 1.8 కిలోలు, సరిగ్గా సరిపోతుంది. ముదురు కోడి వద్దు, దానికి పులుసే మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. ఉప్పు ముందు రోజు రాత్రే పట్టించాలి. కిలోకి 8 గ్రాముల లెక్కన, మామూలు మెత్తటి ఉప్పు రెండున్నర టీస్పూన్లు పడుతుంది. కోడి కడుపులో పెట్టి ఇచ్చే గుండె, కందనకాయ పొట్లం తీసేసి, పేపర్ టవల్‌తో లోపలా బయటా తడి అద్దు. సింక్‌లో కడగొద్దు. మీ పెద్దమ్మ చాలా ఏళ్లు ఒప్పుకోలేదు కానీ, కడిగితే చిందే నీళ్లతో క్రిములు చుట్టుపక్కల గిన్నెల మీదికి చేరతాయి. వాటిని చంపేది నీళ్లు కాదు, వేడి. తర్వాత రొమ్ము దగ్గర తోలు కింద వేళ్లు పోనిచ్చి, చిరగకుండా మెల్లగా వదులు చెయ్యి. సగం ఉప్పు అక్కడ మాంసానికే రాయి, మిగతాది తొడల మీద, కడుపులో. పళ్లెంలో పెట్టి, పైన ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో ఉంచు. తెల్లారేసరికి ఉప్పు లోపలికి దిగి ఉంటుంది, తోలు ముట్టుకుంటే కాగితంలా పొడిగా తగులుతుంది. ఆ పొడి తోలే ఎర్రగా కాలి కరకరలాడుతుంది.

మసాలా దగ్గర మనవాళ్లందరం చేసే తప్పు ఒకటుంది. నేనూ చేశాను. హ్యూస్టన్ వచ్చిన కొత్తలో నా మొదటి కోడికి పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద వేలు మందాన పట్టించాను. బొగ్గులు సరిగ్గా కోడి కిందే పరిచాను. అరగంటలో కొవ్వు నిప్పుల మీద పడి మంట లేచింది, ముద్దంతా మాడి ఇల్లంతా కమురు వాసన. కోస్తే తొడ ఎముక దగ్గర నెత్తురు. ఇంటికొచ్చిన వాళ్లకి ఆ పూట పప్పన్నం పెట్టాను. ఆ బాధ నాకింకా గుర్తుంది, నీకు రాకూడదనే ఇదంతా.

అందుకని అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి, మిరియాల పొడి రెండు చెంచాల మెత్తటి వెన్నలో కలిపి తోలు కిందే రాయి. పైన కొంచెం పసుపు, మిరియాల పొడి, నూనె చాలు. కారం, నెయ్యి, నిమ్మరసం కలిపి గిన్నెలో పక్కన ఉంచుకుని, ఆఖరి పదిహేను నిమిషాల్లో బ్రష్‌తో పూయి. కడుపులో అర నిమ్మచెక్క, నాలుగు కరివేపాకు రెబ్బలు పెట్టు, కుక్కొద్దు.

కట్టడానికి నూలు దారమే వాడు, నైలాన్ కరిగిపోతుంది. రెక్కలు వెనక్కి మడిచి, కాళ్లు రెండూ కలిపి బిగించి కట్టు. చువ్వ మెడ నుంచి కడుపు గుండా సూటిగా దింపి, చువ్వతో వచ్చే ఇనప ముళ్లు రెండు వైపులా బలంగా గుచ్చి, వాటి మరలు పట్టకారుతో బిగించు. చేత్తో తిప్పిన మర వేడికి వదులైపోతుంది. అప్పుడు చువ్వ తిరుగుతుంటుంది, కోడి మాత్రం కదలదు. గ్రిల్ మీద పెట్టే ముందు చువ్వ కొనలు రెండూ అరచేతుల్లో వదులుగా ఆనించి చూడు. ప్రతిసారీ ఒకే వైపు కిందికి పడుతుంటే బరువు అటు ఉన్నట్టు, తీసి మళ్లీ గుచ్చు. బరువు సమంగా లేకపోతే మోటారు పైకి తిరిగేటప్పుడు మూలుగుతుంది.

బొగ్గులు చిమ్నీలో, అంటే బొగ్గులు రాజేసే ఇనప గొట్టంలో పోసి, కింద కాగితం పెట్టి అంటించు. కిరసనాయిలు లాంటివి చల్లొద్దు, ఆ వాసన తోలుకి పట్టేస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాల్లో పై బొగ్గులకీ బూడిద రంగు వస్తుంది. అప్పుడు రెండు పక్కలకీ సగం సగం నెట్టి, మధ్యలో, కోడి కింద, కాసిని నీళ్లు పోసిన అల్యూమినియం ట్రే పెట్టు. నిప్పు పక్కన ఉండాలి, కోడి కింద ఉండకూడదు. మూత పెట్టి, లోపల 350 నుంచి 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేలా గాలి రంధ్రాలు సరిచెయ్యి. మాటిమాటికీ మూత తీయకు. ముప్పావు గంటకి ఒకసారి తీసి, రెండు పక్కలా పదేసి బొగ్గులు వెయ్యి.

గంటంపావు నుంచి గంటన్నర పడుతుంది. కానీ గడియారాన్ని నమ్మకు, రంగునీ నమ్మకు. థర్మామీటర్ కొను. మోటారు ఆపి, ఎముకకీ చువ్వకీ తగలకుండా గుచ్చితే రొమ్ములో 165 డిగ్రీలు దాటాలి, తొడలో 175 దాకా రానిస్తే ఎముక దగ్గర మెత్తగా ఉంటుంది. తీసేటప్పుడు మందపాటి గ్లవ్స్ వేసుకో, చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కడుపులోంచి వేడి రసం కారుతుంది, కింద పళ్లెం పట్టు. పదిహేను నిమిషాలు ఆగి కొయ్యి.

గ్యారేజీలో మాత్రం ఎప్పుడూ వెలిగించకు, వాన పడినా సరే, తలుపు తెరిచి ఉన్నా సరే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి ప్రాణం తీసేస్తుంది. గోడకీ, చెక్క కంచెకీ దూరంగా పెట్టు. పిల్లలు వస్తారు కదా, గ్రిల్ దగ్గర ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉండాలి. బూడిద రెండు రోజులు అలాగే వదిలేసి, చల్లారాక ఇనప డబ్బాలోకే ఎత్తు.

ఎముకలు పారేయమని అమ్మాయికి చెప్పకు. కుక్కర్‌లో మిరియాలు, వెల్లుల్లి, కొంచెం చింతపండు వేసి పెడితే మర్నాటికి మంచి చారు. ఆ బొగ్గు వాసన చారులోకి దిగుతుంది. బుధవారం కోడి ఎలా వచ్చిందో రాత్రికి ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న