మేనేజరు గారు స్టూలు లాక్కుని కూర్చున్న సాయంత్రం

మేనేజర్ల వ్యక్తిగత ఎదుగుదల వల్ల సంస్థలో మార్పు నిజంగా వస్తుందా అని అడిగారు. దానివల్లే వస్తుంది. ప్రభుత్వ బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి చెబుతున్నాను.

2005లో మా బ్రాంచి కోర్ బ్యాంకింగ్‌లోకి, అంటే అన్ని బ్రాంచిల ఖాతాలూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో నడిచే పద్ధతిలోకి మారింది. అంతకుముందు 2000-01 వీఆర్‌ఎస్‌ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం)లో ప్రభుత్వ బ్యాంకుల నుంచి లక్ష మందికి పైగా వెళ్లిపోయారు. ఇక మిగిలినవాళ్లను ఈ కంప్యూటరు పంపేస్తుందని అందరికీ ఒకటే టెన్షన్.

మా మేనేజరు గారికి యాభై నాలుగేళ్లు. లెడ్జరు తిరగేస్తే తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవారు. స్క్రీన్ ముందుకు మాత్రం వచ్చేవారు కాదు. పాస్‌వర్డ్ అకౌంటెంటుకి ఇచ్చేసి, పని ఆలస్యమైతే మా మీద అరిచేవారు. ఆయనకే నమ్మకం లేనిది మాకెలా కుదురుతుంది? కంప్యూటర్లో కొట్టిందే మళ్లీ పాత లెడ్జర్లలోనూ రాసుకునేవాళ్లం.

ఒకరోజు అకౌంటెంటు సెలవు. ఏదో ఎంట్రీ ఆథరైజ్ కాకుండా, అంటే అధికారి ఆమోదం పడకుండా ఉండిపోయి డే ఎండ్ (ఆ రోజు లెక్కల ముగింపు) అవడం లేదు. రాత్రి ఎనిమిదైంది. మేనేజరు గారు వచ్చి, మా అందరిలోకీ చిన్నదైన క్లర్కు అమ్మాయి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అమ్మా, నాకిది రాదు. మొదటి నుంచి చెప్పు" అన్నారు, అందరం వింటుండగానే. ఆ అమ్మాయి కంగారుగా లేచి "సార్, మీరు కుర్చీలో కూర్చోండి" అంది. "చెప్పేదానివి నువ్వు. నువ్వే కూర్చో" అన్నారు. ఒక్కో మెట్టూ చిన్న పుస్తకంలో తెలుగులో రాసుకున్నారు. ఆగిపోయిన ఆ ఎంట్రీ దొరికేసరికి తొమ్మిదిన్నర.

మర్నాటి నుంచి రోజూ అరగంట నేర్చుకున్నారు, అరవడం మానేశారు. నెల తిరగకుండానే, అడగడానికి నామోషీ పడిన సీనియర్లు కూడా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లారు. నేనూ వెళ్లాను. పాత లెడ్జర్లు రాయడం ఏ సర్క్యులరూ లేకుండానే ఆగిపోయింది.

లీడర్‌షిప్ ట్రైనింగ్ అని మూడు రోజులు పంపించి, స్లైడ్లు చూపించి, గ్రూప్ ఫోటో తీసి, సర్టిఫికెట్ ఇస్తారే, దానివల్ల మారిన మేనేజరును నేను ఒక్కరినీ చూడలేదు. ఇంకో అన్యాయం బదిలీలు. మనిషి మారి, స్టాఫ్ ఆయన్ని నమ్మడం మొదలుపెట్టేసరికి ఆర్డరు వచ్చేస్తుంది. మా సారుకీ వచ్చింది. ఆయన స్థానంలో వచ్చినాయన మొదటి రోజే పాస్‌వర్డ్ చీటీ మీద రాసి అకౌంటెంటు చేతికిచ్చారు.